వెనక్కు నడిచిన కణం

పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది. పెరుగు చిలికితే వెన్న వస్తుంది. వెన్న కాస్తే నెయ్యి అవుతుంది. ఆ నెయ్యిని తిరిగి పాలుగా మార్చమని ఎవరైనా అడిగితే నవ్వుతారు. జీవకణాల విషయంలో శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నారు.

తల్లి గర్భంలో మనిషి జీవితం ఒక్క కణంతో మొదలవుతుంది. అది రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా చీలుతూ పోతాయి. మొదటి రెండు మూడు రోజులు ఈ కణాలన్నీ ఒకే పోలికతో ఉంటాయి. వాటిలో ఏది చర్మమవుతుందో, ఏది గుండె కండరమవుతుందో, ఏది మెదడులో నాడీకణమవుతుందో చెప్పలేము. ఏదైనా కాగల శక్తి వాటికి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క కణం ఒక్కొక్క దారి పడుతుంది. దారి పట్టిన కణం ఇక వెనక్కు రాదు. చర్మకణం చర్మకణంగానే ఉంటుంది. గుండెకణం గుండెకణంగానే ఉంటుంది. ఇంకా ఏ దారీ పట్టక, తనవంటి కణాలను పెంచుకుంటూ, అవసరమైనప్పుడు వేరే రకం కణంగా మారగలిగిన దానిని మూలకణం అంటారు. పెద్దవారి శరీరంలో కూడా కొన్ని మూలకణాలు ఉంటాయి. ఎముకల మూలుగలో ఉండి రోజూ కొత్త రక్తకణాలను తయారుచేసేవి అటువంటివే. అయితే వాటి శక్తికి హద్దులున్నాయి. రక్తపు మూలకణం రక్తాన్నే ఇస్తుంది కాని మెదడును ఇవ్వదు.

దారి పట్టిన కణాన్ని మళ్లీ మొదటికి నడిపించవచ్చునని 2006లో చూపినవాడు షిన్యా యమనాక. ఆయన ఎముకల డాక్టరు కాబోయి, ఆ పని చేతకాక పరిశోధనలోకి వచ్చిన మనిషి.

యమనాక 1962 సెప్టెంబరు 4న జపాన్ దేశంలో ఒసాకా పక్కనున్న పారిశ్రామిక పట్టణంలో పుట్టాడు. తండ్రికి కుట్టుమిషన్ల విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారం ఉండేది. కొడుకు తన తరువాత కర్మాగారం నడపాలని ఆ తండ్రి కోరుకోలేదు. వ్యాపారం నీకు నప్పదు, డాక్టరువు కమ్మని చెప్పాడు. కుర్రవాడికి జూడో, రగ్బీ ఆటలంటే ప్రాణం. ఆ ఆటల్లో పదికి పైగా సార్లు ఎముకలు విరిగాయి. ఎముకల డాక్టరు దగ్గరకు అన్నిసార్లు తిరిగినవాడు తానూ ఎముకల డాక్టరు కావాలనుకోవడంలో వింత లేదు. కోబె విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివి, 1987లో పట్టా పుచ్చుకుని, ఒసాకాలోని ఒక ఆసుపత్రిలో శిక్షణలో చేరాడు.

అక్కడ తెలిసింది, తన చేతులు శస్త్రచికిత్సకు పనికిరావని. నేర్పరి అయిన వైద్యుడు కొద్ది నిమిషాల్లో ముగించే చిన్న గడ్డ తీసే ఆపరేషను యమనాక చేతిలో గంటకు పైగా సాగింది. పడుకున్న రోగి ఎవరో కాదు, తన స్నేహితుడే. పైవైద్యులు ఆయనకు ఒక పేరు పెట్టారు. జపాను భాషలో 'జామా' అంటే అడ్డం. యమనాకను 'జమనాక' అని పిలిచేవారు. ఆపరేషను గదిలో అడ్డం తప్ప ఉపయోగం లేనివాడని దాని అర్థం.

నేర్పు లేకపోవడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ మరొకటి ఎదురైంది. ఆయన చూసుకోవలసి వచ్చిన తొలి రోగులలో తీవ్రమైన కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీ ఉండేది. వంకర్లు తిరిగిన కాళ్లూ చేతులూ, చిక్కిపోయిన ఒళ్లూ. మంచం పక్కన ఒక ఫొటో, అందులో ఆరోగ్యంగా నవ్వుతున్న స్త్రీ. మీ చెల్లెలా అని అడిగాడు యమనాక. కాదు, కొన్నేళ్ల క్రితం నేనే అని ఆమె జవాబిచ్చింది. ఎంత నేర్పరి అయిన శస్త్రవైద్యుడైనా ఆమెను ఆ ఫొటోలోని మనిషిగా చేయలేడని ఆయనకు అర్థమైంది.

ఇంట్లో పరిస్థితి కూడా అలాగే ఉంది. తండ్రికి కర్మాగారంలో కాలికి దెబ్బ తగిలి, చికిత్సలో భాగంగా రక్తం ఎక్కించారు. ఆ రక్తంతోపాటు కాలేయాన్ని తినివేసే జబ్బు ఒకటి ఒంట్లోకి వచ్చింది. అది ఏ క్రిమి వల్ల వస్తున్నదో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని జబ్బుకు మందు ఎక్కడ నుంచి వస్తుంది? డాక్టరైన కొడుకు సూది వేస్తుంటే తండ్రి మురిసిపోయేవాడు. కొడుకు మాత్రం లోపల కుమిలిపోయేవాడు. యమనాకకు 26 ఏళ్ల వయసులో తండ్రి కన్నుమూశాడు. ఆ జబ్బుకు కారణమైన హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో అమెరికాలో గుర్తించారు. చాలామందిలో దానిని పూర్తిగా నయం చేయగల, రోజుకొకటి వేసుకునే మాత్ర 2014లో వచ్చింది. కారణం తెలిసిన నాటినుంచి మందు చేతికి వచ్చేసరికి 25 ఏళ్లు పట్టిందన్నమాట. ఈ లెక్కను యమనాక తరువాతి కాలంలో తన ఉపన్యాసాలలో పదేపదే చెప్పేవాడు.

మందులేని జబ్బులకు మందు కనుగొనేది ఆపరేషను గదిలో కాదు, ప్రయోగశాలలో అని తేల్చుకుని 1989లో ఆయన ఒసాకా నగర విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. మొదటి ప్రయోగం కుక్కల రక్తపోటు మీద. ఒక పదార్థం ఎక్కిస్తే రక్తపోటు కొద్దిసేపు తగ్గుతుంది. దానికి విరుగుడు అనుకున్న మందు ముందుగా ఇస్తే ఆ తగ్గుదల ఆగిపోతుందని గురువుగారి ఊహ. యమనాక మందు ఇచ్చి చూశాడు. తగ్గుదల ఆగలేదు సరికదా, రక్తపోటు మరింత దిగజారిపోయింది. ఊహ తప్పిందని మరొకరైతే నిరుత్సాహపడేవారు. ఈ విద్యార్థి పట్టరాని సంతోషంతో గురువుగారి గదికి పరుగెత్తాడు. గురువు కూడా తన ఊహ తప్పినందుకు కోపగించుకోకుండా శిష్యుడితోపాటు ఆశ్చర్యపోయాడు. పరిశోధనలోకి వచ్చిన తొలిరోజుల్లో అటువంటి గురువు దొరకడం యమనాక అదృష్టం. ఆసుపత్రిలో ఇలా ఆశించనిది జరిగితే భయపడాలి. ప్రయోగశాలలో ఆనందించవచ్చు. తన చోటు ఏదో ఆ రోజున తెలిసిందని ఆయన చెప్పుకున్నాడు.

1993లో డాక్టరేటు పుచ్చుకున్నాక, పత్రికలలో ప్రకటనలు చూసి అమెరికాలోని అనేక ప్రయోగశాలలకు దరఖాస్తులు పంపాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టన్ సంస్థలో థామస్ ఇన్నరారిటీ అనే శాస్త్రజ్ఞుడు రమ్మన్నాడు. అక్కడ అప్పగించిన పని రక్తంలో కొలెస్టరాలు తగ్గించడం. ఒక జన్యువు కాలేయంలో ఎక్కువగా పనిచేస్తే చెడ్డ కొలెస్టరాలు తగ్గుతుందని, దాంతో గుండెజబ్బులు తగ్గుతాయని ఆ పెద్దాయన ఊహ. ఆ జన్యువు ఎక్కువగా పనిచేసే చిట్టెలుకలను యమనాక తయారుచేశాడు.

ఒకరోజు ఉదయం ఎలుకల పోషణ చూసే ఉద్యోగిని వచ్చి, నీ ఎలుకలు కడుపుతో ఉన్నాయని చెప్పింది. సంతోషించవలసిన మాటే. కాని ఆ ఎలుకలలో చాలా వరకు మగవి! యమనాక వెళ్లి చూస్తే వాటి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. కోసి చూస్తే కాలేయం నిండా క్యాన్సరు గడ్డలు. కొలెస్టరాలు తగ్గిన మాట నిజమే కాని, గుండెను కాపాడబోయి కాలేయాన్ని పోగొట్టే మందు ఎవరికి కావాలి? రెండోసారి కూడా ఊహ తలకిందులైంది. గడ్డలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నను యమనాక వదలలేదు. వెతగ్గా వెతగ్గా కొత్త జన్యువు ఒకటి బయటపడింది. దానికి ఎన్ఎటి 1 అని పేరుపెట్టాడు.

ఆ జన్యువు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే అది లేని ఎలుకలను పుట్టించి చూడాలి. అటువంటి ఎలుకలను పుట్టించడానికి పిండ మూలకణాలు కావాలి. కొద్దిరోజుల వయసున్న ఎలుక పిండం లోపలి నుంచి తీసి, గాజుపాత్రలో పెంచే కణాలివి. 1981లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ శాస్త్రజ్ఞులు మొదటిసారి వీటిని పెంచగలిగారు. యమనాక ఆ విద్యను గ్లాడ్‌స్టన్‌లో నేర్చుకుని, 1996లో ఒసాకాకు తిరిగి వచ్చాక ఆ ప్రయోగం కొనసాగించాడు. ఎన్ఎటి 1 లేని పిండాలు పుట్టకముందే చనిపోయాయి. ఎన్ఎటి 1 లేని మూలకణాలు మాత్రం చక్కగా పెరిగాయి, కాని మరో రకం కణాలుగా మారే శక్తి వాటికి లేకపోయింది. మొదట కుక్క రక్తపోటు, తరువాత ఎలుక కాలేయం, చివరకు పిండ మూలకణం. ఎవరూ ముందుగా గీసిపెట్టని దారిలో ఆయన మూలకణాల వాకిట్లోకి వచ్చిపడ్డాడు.

వచ్చిపడిన కాలం మాత్రం మంచిది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలుకల ఆలనాపాలనా చూడడానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. ఒసాకాలో పంజరాలు కడగడం, మేత వేయడం అన్నీ తానే చేసుకోవాలి. రోజులో చాలాభాగం దానికే సరిపోయేది. ఎలుకల కణాలతో ఈ ఆట ఎందుకు, రోగులకు పనికివచ్చే పరిశోధన చేయరాదా అని తోటివారు సలహా ఇచ్చేవారు. పొద్దున్నే మంచం మీద నుంచి లేవబుద్ధి కాని స్థితి వచ్చింది. అమెరికా నుంచి తిరిగివచ్చినవారికి వచ్చే దిగులు జబ్బు అని ఆయనే దానికి వేళాకోళంగా ఒక పేరు పెట్టుకున్నాడు. పరిశోధన మానుకుని మళ్లీ ఎముకల వైద్యంలోకి పోదామని కూడా అనుకున్నాడు. పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 'జమనాక' మళ్లీ కత్తి పట్టేవాడు.

రెండు సంఘటనలు ఆయనను ఆపాయి. ఒకటి, 1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ థామ్సన్ మనుషుల పిండ మూలకణాలను పెంచగలిగాడు. అంతవరకు ఎలుకల ఆటగా ఉన్నది ఒక్కసారిగా మనిషి వైద్యానికి సంబంధించిన విషయమైపోయింది. రెండు, 1999 చివరలో నారా పట్టణంలోని ఒక విజ్ఞాన సంస్థలో సొంత ప్రయోగశాల నడిపే ఉద్యోగం దొరికింది.

ఉద్యోగమైతే దొరికింది కాని, శిష్యులు దొరకాలి కదా. ఆ ఏటి కొత్త విద్యార్థులు 120 మంది; వారి కోసం పోటీపడే ప్రయోగశాలలు ఇరవై వరకు ఉన్నాయి. పేరులేని కొత్త పంతులు దగ్గరకు ఎవరు వస్తారు? గ్లాడ్‌స్టన్‌లో ఉండగా అక్కడి అధిపతి రాబర్ట్ మేలీ చెప్పిన మాట యమనాకకు గుర్తుకు వచ్చింది. కష్టపడి పనిచేస్తే చాలదు, ఎందుకోసం పనిచేస్తున్నావో ఆ గమ్యం కళ్ల ముందు ఉండాలని ఆయన అనేవాడు. అందుకని యమనాక విద్యార్థుల ముందు నిలబడి ఒక గొప్ప గమ్యం ప్రకటించాడు. పిండాన్ని ముట్టుకోకుండా, పెద్దవారి శరీరంలోని మామూలు కణం నుంచే పిండ మూలకణం వంటిదాన్ని తయారుచేయడమే తమ లక్ష్యమన్నాడు. అది ఎంత కష్టమో మాత్రం చెప్పలేదు. ముగ్గురు విద్యార్థులు చేరారు. వారిలో కజుతోషి తకహాషి ఒకడు. అతడు ఇంజనీరింగు చదివి వచ్చినవాడు. జీవశాస్త్రం అంతంత మాత్రమే.

పిండాన్ని ముట్టుకోకూడదన్న పట్టుదల ఎందుకు? మనుషుల పిండ మూలకణాలు కావాలంటే, సంతానం లేనివారి చికిత్సలో మిగిలిపోయిన పిండాలను చీల్చి తీసుకోవాలి. అది ప్రాణం తీయడమేనని చాలా దేశాలలో పెద్ద వివాదం లేచింది. యమనాక ఒకసారి స్నేహితుని ఆసుపత్రికి వెళ్లి సూక్ష్మదర్శినిలో అటువంటి పిండాన్ని చూశాడు. అప్పటికి ఆయనకు ఇద్దరు కూతుళ్లు. ఈ చుక్కకూ తన పిల్లలకూ తేడా ఏమంత ఉందన్న ఆలోచన ఆ క్షణంలో ఆయనను పట్టుకుంది. రోగులను కాపాడవలసిందే, కాని వేరే దారి ఉందేమో వెతకాలి. వైద్యపరంగా మరొక చిక్కు కూడా ఉంది. వేరొకరి పిండం నుంచి వచ్చిన కణాలను రోగి శరీరం పరాయివిగా భావించి తిప్పికొడుతుంది. రోగి సొంత చర్మం నుంచే మూలకణం తయారైతే ఆ గొడవ ఉండదు.

వెనుదారి అసలు ఉందని నమ్మడానికి ఒక ఆధారం అప్పటికే ఉంది. యమనాక పుట్టిన 1962వ సంవత్సరంలోనే ఇంగ్లండుకు చెందిన జాన్ గర్డన్ ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయన ఆఫ్రికా కప్ప గుడ్డులోని కేంద్రకాన్ని నాశనం చేసి, దాని స్థానంలో తోకకప్ప పేగులోని కణం నుంచి తీసిన కేంద్రకాన్ని ఉంచాడు. చాలా గుడ్లు పాడైపోయాయి. కొన్ని మాత్రం ఈదే తోకకప్పలయ్యాయి. అంటే పేగుకణంలో కూడా కప్పను మొత్తంగా తయారుచేయడానికి కావలసిన జన్యువులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పేగు పనికి అవసరం లేనివి మూతపడి ఉన్నాయి, అంతే. గుడ్డులోని పదార్థమేదో ఆ మూతలు తెరిచింది. ఈ గర్డన్ బడిలో చదివేటప్పుడు జీవశాస్త్రంలో 250 మందిలో అట్టడుగున నిలిచాడు. ఇతడు శాస్త్రజ్ఞుడు కావాలనుకోవడం హాస్యాస్పదమని ఉపాధ్యాయుడు నివేదిక రాశాడు. గర్డన్ ఆ నివేదికను పటం కట్టించి తన గదిలో పెట్టుకున్నాడు.

గుడ్డులో మూతలు తెరిచే పదార్థం ఏమిటి? పిండ మూలకణాన్ని మూలకణంగా నిలిపి ఉంచే జన్యువులే మామూలు కణాన్ని మూలకణంగా మార్చగలవేమోనని యమనాక ఊహ. ఆయనా శిష్యులూ కొన్నేళ్లపాటు అటువంటి జన్యువుల కోసం గాలించారు. 2003లో పెద్ద పరిశోధన నిధి కోసం ముఖాముఖికి వెళ్లినప్పుడు, ఎంపికచేసే పెద్దలలో ఉన్న ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు తదమిత్సు కిషిమొతో ఇది జరిగే పని కాదనుకున్నాడు. అయినా ఈ యువకుడి పట్టుదల చూసి నిధి ఇప్పించాడు. ఆ డబ్బు రాకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. 2004లో యమనాక క్యోటో విశ్వవిద్యాలయానికి మారాడు. అప్పటికి జాబితాలో 24 జన్యువులు మిగిలాయి.

పరీక్షించే పద్ధతి తెలివైనది. ఎఫ్‌బిఎక్స్ 15 అనే జన్యువు పిండ మూలకణాలలో పనిచేస్తుంది, చర్మకణాలలో నిద్రపోతుంది. ఆ జన్యువు ఉండే చోట, కణాలను చంపే ఒక మందును తట్టుకునే శక్తినిచ్చే జన్యువును అమర్చి ప్రత్యేకంగా ఎలుకలను పెంచారు. ఈ ఎలుకల చర్మకణాల మీద ఆ మందు పోస్తే చచ్చిపోతాయి. వాటిలో ఏదైనా మూలకణంగా మారిందంటే అది మాత్రం బతికి గుంపు కడుతుంది. బతికిందెవరో చూస్తే చాలు, మారిందెవరో తెలుస్తుంది. 24 జన్యువులను చర్మకణాల్లోకి చేర్చడానికి, హాని చేయకుండా సిద్ధంచేసిన వైరస్‌లను బండ్లలాగా వాడుకున్నారు.

తకహాషి ముందుగా ఒక్కొక్క జన్యువునే ఎక్కించి చూశాడు. ఒక్క కణమూ బతకలేదు. అప్పుడు 24 జన్యువులనూ కలిపి ఒకేసారి ఎక్కించాడు. పాత్రలో అక్కడక్కడ కణాల గుంపులు లేచాయి! ఏదో పొరపాటు జరిగి ఉంటుందని యమనాక మళ్లీ మళ్లీ చేయించాడు. ప్రతిసారీ గుంపులు లేచాయి.

పనిచేసేవి ఈ 24లోనే ఉన్నాయి. కాని ఏవి? ఇక్కడ కొంచెం లెక్క వేసి చూడండి. రెండు వస్తువుల నుంచి ఒకటిగానో జంటగానో ఎంచుకోవడానికి 3 విధాలున్నాయి. మూడు వస్తువులైతే 7 విధాలు. 24 వస్తువులైతే ఒక కోటి 67 లక్షలకు పైగా విధాలు. అన్నీ పరీక్షించాలంటే తకహాషి జీవితం చాలదు. ఏం చేయాలా అని గురువు తలపట్టుకుంటుంటే, శిష్యుడు తేలికగా ఒక మాట అన్నాడు. ఎక్కించేటప్పుడు ఒక్కొక్కటీ ఎందుకు, తీసేటప్పుడు ఒక్కొక్కటీ తీసేద్దాం అన్నాడు. అంటే ప్రతిసారి 24లో ఒకటి మాత్రం మానేసి మిగిలిన 23 ఎక్కించడం. మానేసినది అవసరమైనదైతే గుంపులు లేవవు. అవసరం లేనిదైతే లేస్తాయి. 24 ప్రయోగాలతో తేలిపోతుంది. సాంబారులో ఏది తగ్గితే రుచి చెడిందో చూసే పద్ధతే ఇది. ఇంత సులువైన ఉపాయం తనకు తట్టనందుకు గురువు ఆశ్చర్యపోయి, ఇతడు మేధావేమో అనుకున్నాడట. జీవశాస్త్రం అంతంత మాత్రంగా వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి ఆలోచన అది.

ముందు పది మిగిలాయి. ఆ పదిలో మళ్లీ అదే పద్ధతి. చివరకు నాలుగు. ఆక్ట్ 3/4, సాక్స్ 2, కెఎల్‌ఎఫ్ 4, సి-మిక్ అని వాటి పేర్లు. కేవలం నాలుగు జన్యువులతో చర్మకణం వెనక్కు నడిచి మూలకణమయింది. వందల జన్యువులు కావలసి వస్తాయేమోననుకున్న పని నాలుగింటితో జరగడం అన్నింటికంటె పెద్ద వింత.

వెంటనే ప్రకటించే ధైర్యం మాత్రం యమనాక చేయలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2005 చివర, మానవ మూలకణాల గురించి దక్షిణ కొరియాలో ఒక ప్రసిద్ధ పరిశోధకుడు ప్రకటించిన ఫలితాలు కల్పితాలని తేలి ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. పక్క దేశం నుంచి మరొకరు లేచి ఇంతకంటే నమ్మశక్యం కాని మాట చెబితే ఎవరు వింటారు? ఎవరు అడిగినా చూపగలిగేటట్లు ప్రయోగాలన్నీ తిరిగి చేయించి, 2006 ఆగస్టులో వ్యాసం అచ్చు వేయించాడు. ఆ కణాలకు ఐపీఎస్ కణాలని పేరు. 'ప్రేరేపించిన బహుశక్తి మూలకణాలు' అని అర్థం. ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదటి అక్షరం చిన్నది వేస్తారు. అప్పట్లో యువకులందరి చేతుల్లో ఉన్న పాటల పెట్టె ఐపాడ్ పేరులాగా ఉంటే జనం నోట నలుగుతుందని యమనాక అలా పెట్టాడు.

మరుసటి ఏడు, 2007 నవంబరులో, మనిషి చర్మకణాలతో కూడా అదే జరిగిందని యమనాక బృందం ప్రకటించింది. అదే రోజున అమెరికాలో థామ్సన్ బృందం కూడా ప్రకటించింది. వారు వాడిన నాలుగింటిలో రెండు జన్యువులు వేరు. ఒకే గమ్యానికి రెండు దారులున్నాయని తేలింది.

అంతా సంబరమే కాదు. నాలుగు జన్యువులలో సి-మిక్ క్యాన్సరును ప్రేరేపించగలది. తొలి పద్ధతిలో తయారైన కణాల నుంచి పుట్టిన ఎలుకలలో నూటికి ఇరవై వరకు గడ్డలతో బాధపడ్డాయి. కాలేయం నిండా గడ్డలున్న ఎలుకలను చూసిన మనిషికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. అందుకని ఆ జన్యువు లేకుండా చేసే పద్ధతులనూ, కొత్త జన్యువులు కణం సొంత జన్యువులతో కలిసిపోకుండా పనిచేసి పోయే పద్ధతులనూ ఆయన బృందమూ, ఇతరులూ వెతికి పట్టుకున్నారు.

2012 అక్టోబరు 8న యమనాక ఇంట్లో నేలమీద కూర్చుని, గడగడలాడుతున్న బట్టలుతికే యంత్రాన్ని బాగుచేసే ప్రయత్నంలో ఉన్నాడు. స్వీడన్ నుంచి ఫోను వచ్చింది. గర్డన్‌కూ ఆయనకూ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇస్తున్నారని వార్త.

రోగి మంచం దగ్గరకు ఈ కణాలు చేరడం మాత్రం మెల్లగా సాగింది. 2014 సెప్టెంబరులో కోబెలో మసాయో తకహాషి అనే నేత్రవైద్యురాలి బృందం, కంటిచూపు పోతున్న 70 ఏళ్లు దాటిన ఒక స్త్రీ చర్మకణాలతో ఐపీఎస్ కణాలు చేసి, వాటి నుంచి కంటి లోపలి పొరను పెంచి అమర్చింది. చూపు పెద్దగా మెరుగుపడలేదు. ఉన్న చూపు మాత్రం మరింత పోకుండా నిలిచింది. రెండవ రోగి కోసం తయారుచేసిన కణాలలో జన్యుమార్పులు కనిపించడంతో ఆ శస్త్రచికిత్సను ఆపివేశారు. 2018లో క్యోటోలో జున్ తకహాషి బృందం, చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుతో ఉన్నవారి మెదడులో ఐపీఎస్ కణాల నుంచి పెంచిన నాడీకణాలను అమర్చడం మొదలుపెట్టింది. ఏడుగురికి చేసిన ఆ చికిత్స ఫలితాలు 2025లో వెలువడ్డాయి. తీవ్రమైన హాని ఎవరికీ జరగలేదు. పరిశీలించిన ఆరుగురిలో నలుగురికి కదలికలు కొంత మెరుగయ్యాయి. ఇంతమంది తకహాషిలేమిటని అనిపించవచ్చు. జపానులో అది ఊరూరా వినిపించే ఇంటిపేరు. మసాయో, జున్ భార్యాభర్తలు.

శరీరంలో అమర్చడం కంటే ముందే మరొక ఉపయోగం అందివచ్చింది. మెదడు జబ్బున్న రోగి మెదడును కోసి చూడలేము. ఆ రోగి చర్మం నుంచో రక్తం నుంచో కొన్ని కణాలు తీసి, వెనక్కు నడిపించి, మళ్లీ నాడీకణాలుగా పెంచితే, ఆ జబ్బు గాజుపాత్రలో కళ్ల ముందు కనిపిస్తుంది. దాని మీద మందులు ఒక్కొక్కటే వేసి చూడవచ్చు. ప్రపంచంలో అనేక ప్రయోగశాలలలో ఈ పని జరుగుతున్నది.

క్యోటోలో ఐపీఎస్ కణాల కోసమే ప్రత్యేకంగా వెలసిన సంస్థకు యమనాక 2010 నుంచి 2022 దాకా అధిపతిగా ఉన్నాడు. సిబ్బంది జీతాలకు నిధులు చాలకపోతే, ప్రజలను విరాళాలడుగుతూ మారథాన్ పందాలలో పరుగెత్తాడు. 2022లో పదవి దిగిపోయి మళ్లీ తన సొంత పరిశోధన పట్టుకున్నాడు. ఆయన తిరిగి చేపట్టిన విషయాలలో ఎన్ఎటి 1 ఒకటి. మగ ఎలుకలు కడుపుతో ఉన్నాయని ఆ ఉదయం వచ్చిన కబురుతో మొదలై దొరికిన జన్యువు అది.